పసుపు పూసిన తుపాకీ

తుపాకీ మరమ్మతుల అప్పలసూరికి ఒక పట్టింపు ఉండేది. ఎంత పెద్దమనిషి తెచ్చిన తుపాకీ అయినా సరే, దాని పేరు తెలుసుకోకుండా ఒక్క మర కూడా విప్పేవాడు కాదు. పేరంటే యజమాని పేరు కాదు. అది ఏ దేశంలో పుట్టింది, ఏ ఏడు పుట్టింది, ఏ కార్ఖానాది, నంబరెంత అన్న సంగతులు. అవన్నీ ఇనుము మీదే చెక్కి ఉంటాయి, చూసే ఓపిక ఉండాలి. పల్చటి కాగితం ఆ ముద్రల మీద పరిచి, పెన్సిలు ముక్కతో అడ్డంగా రుద్ది, తేలిన అచ్చును ఒక లావుపాటి పుస్తకంలో అంటించేవాడు. అది అయ్యాకే పనిముట్టు పట్టుకునేవాడు. తొందరలో ఉన్నవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. వెళ్తే వెళ్ళనీ అనేవాడు.

విజయనగరం కోట గోడకి దగ్గర్లో, రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత సందులో ఉండేది ఆయన దుకాణం. వాళ్ళ నాన్న సంస్థానం తుపాకుల గదిలో పనిచేశాడు. అప్పలసూరి మాత్రం రెండో యుద్ధం రోజుల్లో జబల్పూరు వెళ్ళి, ఆయుధాల డిపోలో ఆరేళ్ళున్నాడు. శత్రువుల దగ్గర దొరికిన తుపాకులు అక్కడికి గుట్టలు గుట్టలుగా వచ్చి పడేవి. ఇటలీవి ఒక పక్క, జపానువి ఒక పక్క, జర్మనీవి ఒక పక్క వేరు చెయ్యడం ఆయన పని. ఆ ఆరేళ్ళలో విద్య వచ్చింది, కళ్ళు పోయాయి. యాభై ఎనిమిదో ఏటికి రెండు కళ్ళకీ పొరలు కమ్మి, చూపుకంటే చూపుడువేలు మీద ఎక్కువ ఆధారపడుతుండేవాడు.

దేవుళ్ళన్నా దెయ్యాలన్నా ఆయనకి నవ్వులాటే. భార్య తాయారు ఏ అమ్మవారి ప్రసాదం తెచ్చినా, "పులుపు సరిపోనాది, మీ అమ్మోరికి సెప్పు," అనేవాడు. ఎవరైనా ఫలానా తుపాకీ మనుషుల్ని తిన్నదట అని చెబితే, ఇనుము దేన్నీ తినదు, దాన్నే తుప్పు తింటుంది అని కొట్టిపారేసేవాడు. ఆ తర్వాత మారాడా అంటే, మారాడనీ చెప్పలేను, మారలేదనీ చెప్పలేను. జరిగింది చెబుతాను.

అరవై తొమ్మిదో సంవత్సరం, మార్చి నెల. మిట్టమధ్యాహ్నం ఆ సందు మొదట్లో పోలీసు జీపు ఆగింది. ముందు ఎస్సై సుందరరావు దిగాడు. వెనక ఒక కానిస్టేబులు గోనెపట్టా చుట్టిన పొడుగాటి వస్తువును రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. ఆ వెనక, ఎవరూ పిలవకపోయినా, డెబ్బై దాటిన ఒక ముసలామె చిన్న మూట చంకలో పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర కూలబడింది.

గోనెపట్టా విప్పేసరికి దుకాణమంతా పసుపు వాసన కమ్మేసింది. తుపాకీ అని ఆకారాన్ని బట్టి అనుకోవాలి తప్ప, ఇనుమన్నది ఎక్కడా కనిపించలేదు. మొదలు నుంచి మూతి దాకా పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ళీ పసుపు. పొర మీద పొర పేరుకుని, అంగుళం మందాన అట్ట కట్టేసింది. ఒక్క చోట మాత్రం గోరంత మేర ఎవరో తాళంచెవితో గీకినట్టున్నారు. అక్కడ వంకర్లు తిరిగిన ఒక అక్షరం కనిపిస్తోంది. ఇంగ్లీషు కాదు, నాగరి కాదు.

"ఆ అక్షరమే కొంప ముంచింది మాస్టారూ," అన్నాడు సుందరరావు. "కొండల్లో నక్సలైట్ల గొడవలు ముదిరినాయి గదా. లైసెన్సు లేని తుపాకులన్నీ ఏరమన్నారు. నరసన్నపేట అవతల ఒక పల్లెలో, ఈ మామ్మ ఇంట్లో, దేవుడి మూల నిలబెట్టున్నాది ఇది. మావోడొకడు గీకి సూసి, విదేశీ అక్షరాలని పైకి రాసేసినాడు. పైవాళ్ళకి ఇంకేటి కావాలి? బయటి దేశం నుంచి కొండల్లోకి తుపాకులొస్తన్నాయని అనుమానం. ఈవిడ మనవణ్ణి లాకప్పులో పెట్టమన్నారు."

"మనవడెలాటోడు?"

"నాగలి తప్ప ఏటీ తెలీదు. ఇరవై నాలుగేళ్ళు. నాకు తెలుసు, కానీ నాకు తెలిస్తే సరిపోదు. ఇది పాతకాలపు తుపాకీ, బాగుచేసినా పేలదు అని తెలిసినోళ్ళు రాసిస్తే కేసే లేదు. చట్టంలో ఆ వెసులుబాటుంది. శుక్రవారం పొద్దున్న పైవాళ్ళొస్తారు. ఈలోగా కాగితం లేకపోతే ఆణ్ణి పట్టుకుపోతారు. కొండల కేసులో ఒకసారి పేరెక్కితే ఎప్పుడు తిరిగొస్తాడో, తిరిగొస్తాడో లేదో, నేను సెప్పలేను."

ఆ రోజు బుధవారం. అప్పలసూరి ఆ పసుపు అట్ట మీద చెయ్యి వేసి నెమ్మదిగా తడిమాడు. పొడుగు చూస్తే మనిషి గుండెలెత్తు ఉంది, బరువు చూస్తే చంటిపిల్లంత ఉంది. "పేరు తెలీకుండా నేనేటీ రాయను," అన్నాడు.

సుందరరావు గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "ఎల్లుండికి పేలనిదయితే బాగుణ్ణు," అన్నాడు. కానిస్టేబుల్ని కాపలా ఉంచి జీపెక్కి వెళ్ళిపోయాడు.

ముసలామె పేరు గున్నమ్మ. మనవడి పేరేమిటని అప్పలసూరి అడిగితే తల అడ్డంగా ఊపింది.

"సెప్పకూడదు బావూ. ఆళ్ళ తాత పేరే ఆడికీ ఎట్టినాం. నా నోటితో ఎలాగనీది? గుంటడా అనే పిలుస్తాను."

"గంగులు," అన్నాడు కానిస్టేబులు విసుగ్గా. "స్టేషన్లో కూడా ఇదే తంతు. మనవడి పేరు సెప్పవే అంటే ఏడుస్తాది గానీ నోరిప్పదు."

మొగుడు పల్టనులో చేరేనాటికి గున్నమ్మకి పద్దెనిమిదేళ్ళు, ఒళ్ళో మూడు నెలల పిల్లాడు. పద్నాలుగో సంవత్సరంలో ఓడెక్కి వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో ఆవిడకి తెలీదు, సముద్రం అవతలికి అని మాత్రం తెలుసు. మూడు నెలలకి పోయాడని కాగితం వచ్చింది. మరో అయిదేళ్ళకి యుద్ధం ముగిశాక, అతనితో వెళ్ళిన పోతురాజు అనే జతగాడు ఒక్కడూ తిరిగి వచ్చి, గోనెలో చుట్టిన ఈ తుపాకీ ఆవిడ గుమ్మంలో పెట్టాడు. ఏ దొరని బతిమాలి తెచ్చుకున్నాడో, ఓడలో ఏ మూటలో దాచి తెచ్చాడో చెప్పలేదు. చెప్పింది ఒక్క మాట.

"ఇది మీ ఆయన పక్కనే పడున్నాది వొదినా, అన్నాడు. అంతే. ఇంకేటడిగినా పలకలేదు. నెల తిరక్కుండా ఆడూ పోనాడు." గున్నమ్మ తుపాకీ వైపు చూసింది. "శవం రాలేదు బావూ. నీళ్ళు పొయ్యలేదు, కొరివి పెట్టలేదు. ఇదొచ్చినాది. ఆ దినం కాణ్ణుంచి ఇదే ఆయన. ఏడాదికోసారి ఆముదం రాసి, పసుపెట్టి, బొట్టెడతాను. దినానికోసారి అన్నం ఎడతాను. ఈ పూట ఇంకా ఎట్టలేదు."

ఆవిడ మూట విప్పింది. అరిటాకు ముక్క పరిచి అన్నం ముద్ద, పక్కన కాల్చిన ఎండుచేప ముక్క పెట్టి, తుపాకీ ముందుకి జరిపింది. అప్పలసూరికి నవ్వొచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి మింగేశాడు.

"తింటాడా?" అనడిగాడు ఊరుకోలేక.

"అన్నం తింటాడు. సేప ముట్టడు." గున్నమ్మ గొంతు తగ్గించింది. "బతికున్నప్పుడు ఎండుసేప లేకపోతే ముద్ద ముట్టేవోడు కాడు. యాభై ఏళ్ళయినాది, ఒక్క దినం కూడా సేప ముట్టలేదు."

పిచుకలో ఎలుకలో అనుకున్నాడు అప్పలసూరి. బల్ల మీదున్న అద్దాల కోసం ఇటు తిరిగాడు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని అటు తిరిగేసరికి ఆకు మీద అన్నం లేదు. గున్నమ్మ కదల్లేదు, గుమ్మానికి జారబడి కళ్ళు మూసుకుని ఉంది. కానిస్టేబులు బయట బీడీ కాల్చుకుంటున్నాడు. చేప ముక్క పెట్టినచోటే ఉంది. దుకాణం మీద హక్కున్నట్టు తిరిగే సందులోని పిల్లి వచ్చి, చేపని వాసన చూసి, ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. అది మాత్రం అప్పలసూరికి నచ్చలేదు. ఆ పిల్లి గ్రీజు గుడ్డని కూడా వదిలేది కాదు. ఆ మధ్యాహ్నమంతా ఆయన తుపాకీకి వీపు పెట్టి కూర్చోలేకపోయాడు.

గురువారం పొద్దున్నే తాయారు కుంకుడుకాయలు నానబెట్టి, చింతపండు పులుసు, వేడినీళ్ళు సిద్ధం చేసింది. గున్నమ్మ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుంది. పసుపు తీస్తే గానీ పేరు తెలీదనీ, పేరు తెలిస్తే గానీ మనవడు రాడనీ ఆవిడకి నచ్చజెప్పడానికి తాయారు చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. చివరికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది.

"నువ్వు ముట్టకు బావూ. నానే పోస్తాను నీళ్ళు. అప్పుడు పొయ్యలేదు గదా."

దుకాణం వెనక పెరట్లో పీట వేసి తుపాకీని పడుకోబెట్టారు. గున్నమ్మ తల వైపు నుంచి మొదలుపెట్టి, చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ, అరచేత్తో రుద్దుతూ వచ్చింది. పసుపు అట్ట బెరడు లేచినట్టు పెచ్చులు పెచ్చులుగా లేచింది. పెచ్చు అంచున చూస్తే పసుపుగీత, ఎర్రగీత, మళ్ళీ పసుపుగీత, ఏడాదికి ఒకటి. ఒకచోట రెండు గీతల మధ్య నల్లటి మసి. అది తన కొడుకు పోయిన ఏడని, ఆ ఏడు పసుపు పెట్టలేదని గున్నమ్మ వేలితో చూపించింది. పెరట్లో కారిన నీళ్ళు మొదట పసుపుగా ఉన్నాయి. కాసేపటికి ఎర్రబడ్డాయి. కుంకుమే. అయినా తాయారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది.

అట్టంతా పోయాక అప్పలసూరి కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ఆముదం తాగి తాగి ఇనుము నల్లగా, చుక్క తుప్పు లేకుండా, నిన్న కార్ఖానా నుంచి వచ్చినట్టుంది.

ఆరబెట్టి, బల్ల మీదకి తెచ్చి, కాగితాలు, పెన్సిలు ముక్క తీశాడు. ఎడమ పక్క ఇనుము మీద ఆ వంకర్ల అక్షరాలు. వేలితో తడిమాడు, కాగితం వేసి రుద్దాడు. జర్మనీ వాళ్ళ పాత వంకర రాతలో అచ్చు తేలింది: ఐ. జి. మోడ్. 71. జబల్పూరు డిపోలో మూలన పడి ఉన్న పాత గుట్టలో ఇలాంటివి పది చూశాడు. జర్మనీ వాళ్ళ కాల్బలం తుపాకీ, పద్దెనిమిది వందల డెబ్బై ఒకటో సంవత్సరపు నమూనా. ఒకసారికి ఒకటే తూటా. పేల్చాలి, తూటా వెనక మూసే గడియ విప్పాలి, ఖాళీ డొప్ప తీసెయ్యాలి, ఇంకో తూటా పెట్టాలి. గొట్టం మీద స్పాండౌ అన్న ఊరి పేరు, అక్కడి సర్కారు కార్ఖానా. పక్కన 1877. చిన్న చిన్న కిరీటాల ముద్రలు, తనిఖీదార్లవి. నంబరు 4462. గొట్టానికీ అదే, గడియకీ అదే, వెనక కట్టె మీది ఇనుప రేకుకీ అదే. మేకు తలంత మరల మీద కూడా 62 అని చివరి రెండంకెలు. పుట్టినప్పటి ఒక్క ముక్కా మారలేదు. వెనక రేకు మీద పాత పల్టను ముద్రని గీత కొట్టేసి, పక్కన కొత్త అక్షరాలు పొడిచారు.

అప్పుడాయన చెయ్యి ఆగిపోయింది. గున్నమ్మ మూటలో పించను కాగితం ఉంది. తెమ్మని కిటికీ వెలుగుకి దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కున్నాడు. సిపాయి గంగులు, తూర్పు ఆఫ్రికా, నవంబరు 1914. జబల్పూరులో ముసలి హవల్దారొకడు ఆ యుద్ధం సంగతి చెప్పేవాడు. అక్కడ జర్మనీ వాళ్ళ తరఫున పోరాడిన నల్ల సిపాయిల చేతుల్లో ఈ పాత తుపాకులే ఉండేవట. పేలిస్తే గుప్పున తెల్లటి పొగ లేచేదట. మన సిపాయిల చేతుల్లో ఉన్నవి ఇంగ్లీషువి, కడుపులో పది తూటాలు పట్టేవి. మన పల్టనులో ఎవరి చేతా ఇది ఉండటానికి వీల్లేదు.

ఇది గున్నమ్మ మొగుడిది కాదు. ఎదటివాడిది.

అప్పలసూరి గుమ్మం వైపు చూడలేకపోయాడు. చూపు తప్పించుకోడానికన్నట్టు గడియ పిడి పైకెత్తి వెనక్కి లాగాడు. యాభై ఏళ్ళు దాటి ఎవరూ తెరవని గడియ, మెత్తగా, తనంతట తనే వచ్చినట్టు వచ్చింది. దాంతో పాటే మందు వాసన. కాలిన మందు వాసన, ఇప్పుడే పేలినట్టు. గడియ వెంట ఒక ఇత్తడి డొప్ప బయటికి వచ్చి ఆగింది. ఈ నమూనాకి డొప్పని బయటికి విసిరే ఏర్పాటు లేదు. పేల్చినవాడు తుపాకీని పక్కకి వంచి పారబొయ్యాలి. వంచాడు. డొప్ప ఆయన అరచేతిలో పడింది. ఖాళీది. అడుగున చిన్న గుంట, గడియ లోపలి సూది పొడిచి పేల్చిన గుర్తు.

పేల్చినవాడికి గడియ తెరిచే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. పేల్చాడు, అంతలోనే పోయాడు. ఆ చివరి దెబ్బ ఎవరికి తగిలిందో, పక్కనే పడి ఉన్నవాడు ఎవరో. డొప్ప వెచ్చగా ఉన్నట్టనిపించి ఆయన దాన్ని గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. ఎండ తగిలిందేమో అనుకుని చూస్తే, బల్ల మీదికి ఇంకా ఎండ రాలేదు.

చిక్కు అక్కడితో అయిపోతే బాగుండును. కాగితంలో రాయవలసింది రెండు మాటలు: పాతది అని, పేలదని. పాతదే, నిజం. కానీ పేలదా? ఆముదం పుణ్యమా అని స్ప్రింగు కొత్తదానిలా ఉంది, సూది నిక్షేపంలా ఉంది. తూటా ఉంటే ఈ క్షణం పేలుతుంది. అప్పలసూరి బతుకులో ఒక్క తప్పుడు కాగితం రాయలేదు. దాన్ని నిజం చెయ్యాలంటే సూది విరవాలి, గొట్టంలో సీసం పొయ్యాలి. అంటే తుపాకీని చంపెయ్యాలి. అడక్కుండా చెయ్యడం భావ్యం కాదు.

గున్నమ్మకి చెబితే ఆవిడ తుపాకీ మీద రెండు చేతులూ వేసేసింది. "ఆయన గుండెకాయ ఇరిసేస్తావా? ఒకసారి సంపినారు సాలదేటి?"

"మనవడు రావాలి గదమ్మా."

"ఆడు రావాల. ఈయనా ఉండాల. నానేటి సెయ్యాల బావూ?" ఆవిడ ఏడవలేదు. అప్పలసూరికి ముందుగా కళ్ళు చెమర్చాయి.

టీ తాగి రమ్మని కానిస్టేబుల్ని పంపించాడు. పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. నలుగురిలో కాగితం చదివేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది, ఆ మాట ఒక పోలీసు నోట వినడం కంటే తన నోట వినడం నయమనుకున్నాడు. ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఆ అక్షరాల మీద, అంకెల మీద నడిపించాడు. ఇది జర్మనీ ముద్ర. ఇది పుట్టిన ఏడు. ఇది ఎదటివాళ్ళ పల్టను గుర్తు. ఇది మన సిపాయి తుపాకీ కాదు. పోతురాజు అబద్ధం చెప్పలేదు, పక్కనే పడి ఉంది అన్నాడు, నీ మొగుడిదని అనలేదు. 

 గున్నమ్మ వేలు 4462 మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"అందుకేటి సేప ముట్టడు," అంది చివరికి.

తాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మొదటి ఏడే అనుమానం వచ్చినాది. ఈయన కాదేటో అని. అడగడానికి పోతురాజు లేడు. వొగ్గేద్దామంటే ఆకలితో ఉన్నోడు గదా, అన్నం ఎట్టగానే తినేస్తన్నాడు. ఎట్టకపోతే ఏటి సేస్తాడో అని భయం కూడాను. పసుపు దళసరిగా ఎట్టీదాన్ని. మొకం కనిపించకుండా." ఆవిడ తుపాకీ కట్టెని నిమిరింది. "ఆడికీ ఒక ఆడది ఉండుంటాది. ఆ సముద్రం అవతల. ఆవిడకి మనోడి తుపాకీ ఎవులైనా ఇచ్చుంటారేటి? ఆవిడా అన్నం ఎడతన్నాదేటి?"

అప్పలసూరి బల్ల మీది డొప్పని తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇరిసెయ్ బావూ," అంది. "ఆడూ పడుకోవాల. యాభై ఏళ్ళయినాది."

గడియ విప్పి, సూది బయటికి తీసి, పట్టుకారులో బిగించి ఒక్క దెబ్బ వేశాడు. టప్పున విరిగింది. అదే క్షణంలో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు. గున్నమ్మనుకుని అప్పలసూరి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అప్పలసూరి అనుకుని ఆయన వైపు చూసింది. ఇద్దరూ తాయారు వైపు చూశారు. తాయారు అప్పటికే వీధిలో ఉంది. గొట్టంలో సీసం పోసేటప్పుడు కొంత నేల మీద ఒలికింది.

కాగితం రాశాడు. నమూనా, ఏడు, కార్ఖానా, నంబరు. మొదటి యుద్ధంలో ఎదటి పక్షం దగ్గర దొరికింది, మన సిపాయి వెంట తెచ్చాడు. దీనికి తూటాలు ఇప్పుడెక్కడా దొరకవు. సూది విరిగి ఉంది, గొట్టం పూడి ఉంది, విడిభాగాలు రావు, బాగుచేసినా పేలదు. ఎవరు విరిచారు, ఎప్పుడు విరిచారు అని కాగితం అడగలేదు, ఆయన చెప్పలేదు. అచ్చులు తీసిన కాగితాలు వెనక కుట్టాడు.

సందర్భం వచ్చింది గనక తుపాకీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ పల్లెలో మళ్ళీ ఉంచొద్దని సుందరరావు అన్నాడు, వద్దని గున్నమ్మా అంది. అన్నం పెట్టడానికి తన తర్వాత ఇంట్లో ఆడవాళ్ళెవరున్నారని ఆవిడ బాధ. చివరికి అది అప్పలసూరి దుకాణంలోనే, లోపలి గోడకి ఉండిపోయింది. ఆయన బతికినన్నాళ్ళూ మధ్యాహ్నం తాయారు పంపిన గిన్నె మూత తియ్యగానే ముందు ఒక ముద్ద ఆకులో తీసి ఆ మూల పెట్టేవాడు. ఇనుమేటి దెయ్యమేటి అన్నవాడివి, ఇదేమిటని ఎవరైనా వెక్కిరిస్తే, పిచుకలకి అనేవాడు. ఆ సందులో పిచుకలు వాలడం మానేసి చాలాకాలమైంది. చేప మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. మొదటి వారం ఒకసారి పెట్టి చూశాడని తాయారు చెప్పేది. ఏమైందంటే చెప్పేది కాదు.

శుక్రవారం తెల్లవారుజామున రైలుబండిలో ఆమదాలవలస వరకూ, అక్కణ్ణుంచి బస్సులో, కానిస్టేబులుతో కలిసి ముగ్గురూ స్టేషనుకి చేరారు. అప్పలసూరి పనిగట్టుకుని వెళ్ళాడు. కాగితం దారిలో ఎక్కడ జారిపోతుందో అని కానిస్టేబులు చేతికివ్వలేదు, చొక్కా లోపల పెట్టుకున్నాడు.

బస్సులో గున్నమ్మ ఆయన మోచెయ్యి తట్టింది. "ఆ ఇత్తడి డొప్ప ఏటి సేసినావు బావూ?"

జేబులోంచి తీసి చూపించాడు.

"అందులోంచి ఎల్లినాదే గదా, ఆయన ఒంట్లో ఉన్నాది?"

"ఆయనకే తగిలిందని ఎవరూ చెప్పలేరమ్మా. ఎవరికి తగిలిందో, అసలు తగిలిందో లేదో."

"ఆయన పక్కనే గదా పడున్నాది." ఆవిడ చెయ్యి చాపింది. "ఆ గుండు ఆయన ఎముకల్లో ఉన్నాది. ఇది దాని తోబుట్టువు. ఆయన్ని ముట్టుకున్నదాన్ని ముట్టుకున్నాది ఇదొక్కటే, నాకు దొరికినాది. ఇచ్చెయ్."

ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని కొంగు చివర పెట్టి మూడు ముళ్ళు వేసింది. పొద్దున్న తాయారు దారిలో తినమని కట్టిచ్చిన అన్నంలోంచి ఎండుచేప ముక్క తీసి, ఆ ముడి పక్కన వేలితో పట్టుకుని కూర్చుంది.

సుందరరావు కాగితం నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. "సూది విరిగి ఉంది," అని ఒక్క వాక్యం పైకి చదివి అప్పలసూరి వైపు ఒకసారి చూశాడు.  సంతకం పెట్టి, ముద్ర వేసి, పైవాళ్ళ జీపు రాకముందే తాళాలు తియ్యమన్నాడు.

లోపల్నుంచి కుర్రాడు వచ్చాడు. గడ్డం మాసి, రెండు రోజులకే పదేళ్ళు పైబడినట్టున్నాడు. వెలుగు పడక గుమ్మంలో కళ్ళు చిట్లించుకుని నిలబడిపోయాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు.

గున్నమ్మ స్టేషను మెట్ల కింద, ఎండలో నిలబడి ఉంది. గుంటడా అని పిలుస్తుందనుకున్నారు అందరూ.

"గంగులూ!" అంది.

పెళ్ళయిన నాటినుంచీ ఆ నోట రాని పేరు. పక్కనున్న కానిస్టేబులు బీడీ వెలిగించబోయి ఆగిపోయాడు. కుర్రాడు ఉలిక్కిపడి, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు.

"వొచ్చేసినాను మామ్మా. ఇదిగో, నానే."

"వొచ్చినావురా అయ్యా," అని ఆవిడ ఒక చేత్తో వాడి ముఖం తడిమింది. రెండో చెయ్యి కొంగు ముడి మీద నుంచి తియ్యలేదు. వాడి భుజం మీదుగా, రోడ్డు అవతల ఖాళీ ఎండలోకి చూస్తూ, మరోసారి పిలిచింది.

"గంగులూ!"